మాటలేని వాద్యత్రయం, వాద్యమైన మాట: దురుఫ్లే రచన వెలుగులో ‘శివతాండవం’ నాదనిర్మాణ పరిశీలన

ప్రస్తావన

తెలుగు కవిత్వంపై వెలువడే పరిశోధన వ్యాసాలలో ‘నాదసౌందర్యం’, ‘సంగీతమయం’, ‘లయాత్మకం’ అనే మాటలు తరచుగా కనిపిస్తాయి. ఇవి ప్రశంసావాచకాలుగా మిగిలిపోవడమే కాని పరిశీలనకు సాధనాలుగా మారడం అరుదు. ఏ నాదం, ఏ స్థానంలో, ఏ పని చేస్తున్నదో చెప్పకుండానే నాలుగు అనుప్రాసలను ఎత్తి చూపి, కవికి గల సంగీతజ్ఞానాన్ని కొనియాడి, వ్యాసం తరువాతి ప్రకరణానికి సాగిపోతుంది. పుట్టపర్తి నారాయణాచార్యుల ‘శివతాండవం’ విషయంలో ఈ లోపం మరింత స్పష్టం. ఆ కావ్యాన్ని మనం విన్నంతగా చదవలేదు, చదివినంతగా విశ్లేషించలేదు. ప్రస్తుత వ్యాసకర్త సిద్ధాంతగ్రంథం కోసం రాసుకున్న పుటలకూ ఈ మాట వర్తిస్తుంది.

ఒక కావ్యంలో సంగీతం ఉందని అనాలంటే, మాటల సహాయం లేకుండా సంగీతం ఏయే పనులు చేయగలదో ముందు తెలియాలి. అందుకు మాట బొత్తిగా లేని ఒక రచనను దగ్గరగా విని, దాని నుండి కొన్ని ప్రమాణాలను రాబట్టి, వాటితో తెలుగు గేయకావ్యాన్ని పరీక్షించడం ఒక మార్గం. ఫ్రెంచి స్వరకర్త మోరిస్ దురుఫ్లే (1902–1986) 1928లో వేణువు, వయోలా, పియానోల కోసం కూర్చిన ‘ప్రెల్యూద్, రెసితాతీఫ్ ఎ వారియాసియోఁ’ను ఇందుకు ఎన్నుకున్నాను. పీఠిక, వచనగానం, రూపాంతరాలు అని ఆ పేరును తెలుగులో చెప్పుకోవచ్చు. ఈ రెండు కృతుల మధ్య ప్రభావసంబంధం ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదించదు. పారిస్‌లో ఆర్గన్ వాయించిన కేథలిక్ స్వరకర్తకూ, పెనుకొండలో బాల్యం గడిపి ప్రొద్దుటూరులో ‘శివతాండవం’ రచించిన వైష్ణవకవికీ పరిచయం కల్పించవలసిన పని లేదు. ఇక్కడి పోలిక నిర్మాణపద్ధతులకు సంబంధించినది.

దురుఫ్లే రచన స్వరూపం

దురుఫ్లే అతి తక్కువగా రాసిన స్వరకర్త. పారిస్ కన్సర్వేటరీలో పాల్ ద్యుకా వద్ద స్వరరచన అభ్యసించాడు. తన రచనలను తానే కఠినంగా విమర్శించుకునే స్వభావం వల్ల ఆయన కృతిసంఖ్య పద్నాలుగు దాటలేదు. గ్రెగోరియన్ స్తోత్రగానంలో నాటుకొన్న శైలి ఆయనది. 1947 నాటి ‘రెక్వియెమ్’ ఆయనకు అధికఖ్యాతి తెచ్చింది. మూడవ కృతిసంఖ్యతో వచ్చిన ఈ వాద్యత్రయం ఆయన రాసిన ఏకైక ఛాంబర్ రచన. సంగీతప్రచురణకర్త జాక్ ద్యురాఁ స్మృతికి దీనిని అంకితమిచ్చాడు. వేణువు, వయోలా, హార్ప్‌లతో దెబుస్సీ 1915లో కూర్చిన సొనాటా దీనికి దగ్గరి పూర్వరూపం.

ఛాంబర్ సంగీతమంటే గదిలో కూర్చుని వాయించుకోదగిన సంగీతం. ఒక్కొక్క వాద్యభాగానికి ఒక్కరే వాదకులు ఉంటారు. నడిపించే నిర్దేశకుడు ఉండడు. మన కచేరీతో పోల్చితే ముఖ్యమైన భేదం ఒకటి ఉంది. కచేరీలో ప్రధానకళాకారుడు ఒకరు, తక్కినవి పక్కవాద్యాలు. ఈ త్రయంలో పక్కవాద్యమంటూ లేదు. ఎవరు ముందుకు రావాలి, ఎవరు వెనుకకు తగ్గాలి అన్నది రచనలో స్థలాన్ని బట్టి మారుతూ ఉంటుంది.

పీఠిక పియానో, వయోలాల మంద్రస్థాయి ధ్వనితో, దిగులుగా మొదలవుతుంది. వేణువు తరువాత వచ్చి చేరుతుంది. పీఠిక ఉద్ధృతిని అందుకొని తగ్గిన తరువాత వచనగానం వస్తుంది. అది ప్రధానంగా వయోలాది. లయబంధం సడలి, మాట్లాడుతున్నట్లుగా సాగే గానమది. దాని తరువాత వేణువు ఒక సరళమైన రాగఖండాన్ని వినిపిస్తుంది. మిగిలిన భాగమంతా ఆ ఖండానికి రూపాంతరాలు. చీకటితో మొదలైన రచన వేగంతో, వెలుగుతో ముగుస్తుంది.

వయోలా వయొలిన్ కంటె పెద్దది. దాని శ్రుతి వయొలిన్‌కు ఒక పంచమం కింద ఉంటుంది. వాద్యబృందాలలో అది సాధారణంగా నడిమి స్వరాలను పూరించే వాద్యం. తెలుగువారికి అది పూర్తిగా అపరిచితం కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ కర్ణాటక సంగీతాన్ని వయోలా మీద వాయించి చూపారు. పియానో మెట్ల మీద గమకం పలకదు. వయోలా తంత్రి మీద వేలు జారుతుంది. అందువల్ల మన చెవి ఈ రచనలో ముందుగా వయోలాను పట్టుకుంటుంది. దురుఫ్లే కూడా ఏకాంతభాషణను ఆ నడిమి వాద్యానికే అప్పగించడం గమనించదగినది.

వాద్యం వెనుక దాగిన మాట

ఈ రచనను వినేటప్పుడు తెలుగు శ్రోతకు ఎదురయ్యే ఇబ్బంది ఒకటి ఉంది. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్‌ను ఏకవాద్యకచేరీ స్థాయికి తెచ్చినప్పుడు కూడా, ఆయన కమానులో త్యాగరాజకృతిని విన్న శ్రోత మనసులో సాహిత్యం పలుకుతూనే ఉంటుంది. అక్కడ మాట అదృశ్యమైందే కాని అది లేకపోలేదు. దురుఫ్లే త్రయం వెనుక అటువంటి మాట ఏదీ లేదు. అర్థాన్ని జ్ఞాపకం నుండి తెచ్చుకొనే అవకాశం మనకు లేదు.

ఈ ప్రాంతపు సాహిత్యచరిత్రలో మాటకూ నాదానికీ గల సంబంధం పలు రూపాలలో కనిపిస్తుంది. ధర్మవరంలో పుట్టి బళ్లారిలో నాటకరంగాన్ని తీర్చిదిద్దిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) తెలుగు నాటకంలోకి పాటను తెచ్చినవారిలో ప్రముఖులు. అక్కడ పాట నాటకార్థానికి సేవ చేస్తుంది. హిందూపురానికి సమీపంలోని లేపాక్షి నాట్యమండపంలో రంభ ఆడుతుండగా బ్రహ్మ మద్దెల, తుంబురుడు వీణ వాయిస్తారు. మూడు కాళ్ల భృంగి కూడా ఆ కొలువులో ఉన్నాడు. అక్కడ మాటా లేదు, నాదమూ లేదు. వాద్యాల అమరిక మాత్రం రాతిలో నిలిచింది. అనంతపురం మండలానికే చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) ఎదుర్కొన్న సమస్య మరొకటి. తాళ్లపాక రాగిరేకులలో అన్నమయ్య సాహిత్యమూ, రాగాల పేర్లూ మిగిలాయి, స్వరరచన మిగలలేదు. ఆయన పరిష్కర్తగా ఆ సాహిత్యాన్ని సరిచూడడమే కాక అనేక సంకీర్తనలకు స్వరాలు కూర్చారు. అన్నమయ్య విషయంలో మాట ఉండి సంగీతం పోయింది. దురుఫ్లే విషయంలో సంగీతం ఉన్నది, మాట మొదటినుండీ లేదు. ఈ రెండు అంచుల నడుమ ‘శివతాండవం’ నిలుస్తుంది. అందులో మాటే వాద్యం కావలసి వచ్చింది.

వచనగానభాగాన్ని వింటున్నప్పుడు రాయలసీమ శ్రోతకు పోలిక ఒకటి సహజంగా తోస్తుంది. ఊరి చివర నాటకం జరుగుతూ ఉంటే దూరాన ఉన్నవారికి పద్యం వినబడుతుంది, పదాలు తెలియవు. నటుడు ఎక్కడ సాగదీశాడో, ఎక్కడ విరిచాడో, ఎక్కడ ఊపిరి ఆపాడో తెలుస్తుంది. శోకమో రోషమో అంచనాకు అందుతుంది. అయితే దూరపు పద్యానికి అసలు పదాలు ఉన్నాయి, దగ్గరకు వెళ్తే అవి వినబడతాయి. వయోలా వచనగానానికి ఎంత దగ్గరకు వెళ్లినా పదాలు దొరకవు. కాబట్టి దాని అర్థాన్ని దాని నిర్మాణంలోనే వెదకాలి.

మూడు ప్రమాణాలు

ఈ వెదుకులాటలో మూడు ప్రశ్నలు ఉపకరిస్తాయి. మొదటిది పంపకం: ఏ క్షణంలో ఎవరు పలుకుతున్నారు, ఎవరు ఊరకున్నారు? వేణువు ఆలస్యంగా రావడం, వయోలా ఒంటరి కావడం ఈ రచనలో అర్థవంతమైన ఘటనలు. రెండవది పునరాగమనం: ఒకసారి విన్నది మళ్లీ వచ్చినప్పుడు ఏమి మారి వచ్చింది? రూపాంతరాల భాగమంతా ఈ ప్రశ్నకు జవాబు. మూడవది సమకాలీనత: ఒకే కాలంలో ఎన్ని చలనాలు సాగుతున్నాయి, వాటి మధ్య సంబంధమేమిటి? మూడు వాద్యాలు మూడు వేర్వేరు రేఖలను ఒకేసారి గీయగలవు.

కావ్యానికి ఈ మూడవ ప్రశ్నే కష్టమైనది. కవిత ఒక నోటితో, ఒక మాట తరువాత ఒక మాటగా నడుస్తుంది. నటరాజు ఆడేటప్పుడు జటలు, చంద్రరేఖ, కన్నులు, కాళ్లు, చుట్టూ ఉన్న లోకం అన్నీ ఒకేసారి కదులుతాయి. ఒక్కొక్కటిగా చెప్పే భాష ఒకేసారి జరిగేదాన్ని ఎలా పట్టుకోగలదు? ‘శివతాండవం’ పరిష్కరించవలసిన కళాసమస్య ఇదే.

శివతాండవం: నడక మారిన చోటు

పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) చియ్యేడులో జన్మించారు. పెనుకొండలో గడిచిన బాల్యంలోనే ‘పెనుగొండలక్ష్మి’ రచించారు. సంగీతంతో పాటు నాట్యాన్నీ అభ్యసించారు. ఈ చివరి విషయాన్ని విమర్శకులు జీవితచరిత్రాంశంగా పేర్కొంటారు. అది కావ్యంలో ఎక్కడ పని చేసిందో చూపడం అవసరం.

కావ్యం ప్రారంభవాక్యంలోనే తాండవమూ లాస్యమూ రెండూ ప్రస్తావనకు వస్తాయి. ఇదివరకే జరిగినట్లు కాక, జరుగుతున్నదట అని ఎవరో చెప్పగా విన్నట్లు, ఆనందంతో కూడిన వార్తగా వస్తాయి. ఆ ప్రారంభపాదాల నడక చతుర్మాత్రాగణాలది. ఛందశ్శాస్త్ర పరిభాషలో అది మధురగతి రగడ నడక. తాండవవర్ణన మొదలు కాగానే గణం మారుతుంది. పాదానికి నాలుగు పంచమాత్రాగణాలు, మొత్తం ఇరవై మాత్రలు. ఇది ద్విరదగతి రగడ నడక. సంగీతపరిభాషలో చతురశ్రగతి నుండి ఖండగతికి మార్పు.

ఈ మార్పును లక్షణంగా పేర్కొని వదిలివేయరాదు. నాలుగు మాత్రల గణం రెండు సమభాగాలుగా విడిపోతుంది. అది సభకు వార్త చెప్పడానికి తగిన నిలకడ. అయిదు మాత్రల గణాన్ని సమంగా విరచలేము. రెండూ మూడుగానో, మూడూ రెండుగానో పడుతుంది. ఆ అసమత వల్ల ప్రతి గణం తన తరువాతి గణం మీదికి ఒరుగుతుంది. వార్త విన్నవారు ప్రేక్షకులుగా మారే క్షణంలో నడక మారింది. దురుఫ్లే రచనలో వచనగానం ముగిసి వేణువు ఖండం మొదలయ్యేచోట వినిపించేది కూడా ఇటువంటి సంధిస్థలమే. సడలిన కాలం లయలోకి అడుగుపెట్టడం అక్కడ ఘటన. స్థిమితమైన లయ ఒరిగే లయలోకి మారడం ఇక్కడ ఘటన.

తెరచి ఉంచిన క్రియలు

తాండవవర్ణన శిరస్సు నుండి మొదలై కిందికి దిగుతుంది. తలమీది గంగ అలలు, ఆ అలల తోపుడుకు కదిలే నెలవంక, నుదుటిపై ముంగురులు, కనుబొమలు, కనుపాపలు వరుసగా వస్తాయి. ప్రతి పాదాంతంలోనూ అసమాపక క్రియారూపం ఉంది. వీటిలో ఎక్కువ భాగం ‘ఆడు’ ధాతువుతోనో, దానితో ఏర్పడిన సమాసక్రియలతోనో ముగుస్తాయి. ఒకటి ఆడుతుండగా, మరొకటి కదులుతుండగా అనే భావలక్షణార్థం వీటన్నిటిది.

విమర్శకులు దీనిని అంత్యప్రాసగా గుర్తించారు. అది నిజమే, కాని అసలు పని అంతకంటె లోతైనది. సమాపకక్రియ వస్తే చలనం ముగుస్తుంది. అసమాపకక్రియ ఆ చలనాన్ని తెరచి ఉంచుతుంది. రెండవ పాదం చదివేటప్పుడు మొదటి పాదంలోని అలలు ఇంకా ఆగలేదు. అయిదవ పాదానికి వచ్చేసరికి అయిదు చలనాలు ఒకేసారి సాగుతూ ఉంటాయి. ఆడుట, పాడుట అనే రెండు సమాపకక్రియలు జంటగా పల్లవిస్థానంలో వచ్చినప్పుడే అవన్నీ ఒకచోట చేరతాయి. మూడు వాద్యాలు ధ్వనిలో సాధించే సమకాలీనతను ఈ కావ్యం వాక్యనిర్మాణంతో సాధించింది.

అసమాపకక్రియల వరుస తెలుగులో కొత్తది కాదనీ, రగడలలో, దండకాలలో, యక్షగానాలలో అది సాధారణమేననీ ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ సమంజసమే. అయితే సామాన్యమైన వరుసలో పాదాల క్రమాన్ని మార్చినా వర్ణన చెడదు. ఇక్కడ మార్చలేము. అలల తోపుడు లేనిదే నెలవంక కదలదు. ఒక పాదంలోని చలనం తరువాతి పాదానికి కారణం. మాత్రల ఒరుగుడు చెవికి చెప్పినదానినే అర్థం మనసుకు చెబుతున్నది. నాదమూ అర్థమూ ఒకే పనిలో కలిసిన ఈ స్థలాన్ని చూపగలిగినప్పుడే ‘నాదసౌందర్యం’ అనే మాటకు విమర్శలో విలువ.

పల్లవిలో మరొక విశేషం ఉంది. శివుడు ఆడాడన్న వాక్యంలో ‘అమ్మా’ అనే సంబోధన ఇమిడి ఉంది. జానపదగేయాల కథనరీతిలో, దగ్గర కూర్చున్న స్త్రీకి చెబుతున్నట్లుగా ఆ వాక్యం పలుకుతుంది. సమాసాలు బ్రహ్మాండమంతా వ్యాపిస్తున్నా, చెప్పేవారికీ వినేవారికీ మధ్య దూరం గది దాటదు. ఈ కావ్యాన్ని ఉరుముగా మాత్రమే వినేవారు ఈ సంబోధనను కోల్పోతారు. వేదిక మీద దీనిని గంభీరంగా, ఎలుగెత్తి చదవడం మనకు అలవాటు. పల్లవి కోరేది ఎలుగెత్తడం కాదు, దగ్గరకు జరగడం.

కంటిపాపలోని నవ్వు

పంపకం అనే మొదటి ప్రమాణానికి వద్దాం. పైన చెప్పిన వరుసలో శివుని కనుపాపలలో గౌరి నవ్వు ప్రతిఫలిస్తున్నదన్న భావం వస్తుంది. సాధారణంగా దీనిని ఒక అందమైన ఊహగా మెచ్చుకొని దాటిపోతాం. అప్పటివరకు పేర్కొన్నవన్నీ శివుని శరీరానికి, శిరస్సుకు చెందినవి. ఈ నవ్వు మాత్రం ఎదుట ఉన్న మరొక వ్యక్తిది. తాండవాన్ని చూస్తున్న ఆమె ఎక్కడ నిలిచి ఉన్నదో, ఎలా చూస్తున్నదో నర్తకుని కంటిలోనే తెలిసిపోయింది. ఉద్ధతనృత్యం మధ్యలో ఒక చిన్న నిశ్చలబిందువు ఏర్పడింది.

ఇదే కావ్యంలో తరువాత శివాలాస్యం వస్తుంది. అక్కడ ఆడేది గౌరి. ఇదివరకు కనుపాపలో ప్రతిబింబమాత్రంగా ఉన్నది ఇప్పుడు రంగమధ్యానికి వచ్చింది. ప్రారంభవాక్యం తాండవలాస్యాలను రెండింటినీ ప్రకటించింది, కనుపాప ఆ ప్రకటనను గుర్తు చేసింది, లాస్యభాగం దానిని నెరవేర్చింది. పునరాగమనం అనే రెండవ ప్రమాణానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు. ఒకటే భావం వార్తగా, ప్రతిబింబంగా, ప్రత్యక్షంగా మూడు స్థితులలో వచ్చింది. దీనిని రూపాంతరనిర్మాణం అనడం అతిశయోక్తి కాదు.

ఈ దృష్టితో చూస్తే మన పఠనసంప్రదాయంలో ఒక లోటు బయటపడుతుంది. సభలలో సాధారణంగా వినబడేది తాండవభాగమే. పాఠ్యభాగాలుగానూ, విమర్శలో ఉదాహరణలుగానూ దానికే ప్రాచుర్యం. లాస్యభాగం ఒక అనుబంధంగా మిగిలింది. దురుఫ్లే త్రయాన్ని వచనగానంతో ఆపివేస్తే చీకటి మాత్రమే వినిపిస్తుంది, అది ఎటు నడిచిందో తెలియదు. ‘శివతాండవం’ను తాండవంతో ఆపివేస్తే కనుపాపలోని నవ్వు ఒక అలంకారంగా మిగిలిపోతుంది, అది బీజమని తెలియదు. నడిమి వాద్యమైన వయోలాను పూరకంగా మాత్రమే వినేవారికి ఆ రచన అందనట్లే, గౌరిని ప్రేక్షకురాలిగా మాత్రమే చూసేవారికి ఈ కావ్యం సగమే అందుతుంది.

పోలికకు హద్దులు

ఈ పోలికను ఎక్కడ ఆపాలో చెప్పడం కూడా అవసరం. పీఠికను ఆలాపన అనీ, వచనగానాన్ని తానమనీ, రూపాంతరాలను పల్లవి నెరవు అనీ సమీకరించడం సులభం, కాని తప్పు. ఆలాపన రాగస్వరూపాన్ని వెల్లడిస్తుంది. దురుఫ్లే పీఠికకు అటువంటి బాధ్యత లేదు. నెరవులో సాహిత్యపాదం మారదు, దాని చుట్టూ సంగతులు మారతాయి. పాశ్చాత్య రూపాంతరంలో ఆ ఖండమే తన లయను, స్వరసమ్మేళనాన్ని, వాద్యవర్ణాన్ని మార్చుకుంటుంది.

రెండవ హద్దు భాషకు సంబంధించినది. అసమాపకక్రియలు సమకాలీనతను మనసులో కల్పిస్తాయి. చెవికి మాత్రం ఒక్క గొంతే వినబడుతుంది. కావ్యంలోని బహుస్వరత పాఠకుని జ్ఞాపకశక్తి మీద ఆధారపడింది. అందుకే ఈ కావ్యపఠనంలో వేగం హద్దు మీరితే చలనాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, సందడి మిగులుతుంది.

మూడవది, మాట ఎంత వాద్యమైనా అర్థాన్ని పూర్తిగా విడిచిపెట్టలేదు. విడిచిపెట్టవలసిన అవసరమూ లేదు. మద్దెల జతులను అనుకరించే శబ్దాలు కూడా శివుడు, గౌరి, గంగ అనే పురాణపరిచయం మధ్యలోనే వినబడతాయి. దురుఫ్లే శ్రోతకు ఆ ఆధారం లేదు. ఒకరిది నిరాధారమైన స్వేచ్ఛ, మరొకరిది సంప్రదాయం ఇచ్చిన స్వేచ్ఛ.

ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ‘శివతాండవం’లోని సంగీతం అనుప్రాసలలో కంటె గణపరివర్తనలో, అసమాపకక్రియల వినియోగంలో, బీజభావపు పునరాగమనంలో ఎక్కువగా ఉంది. చతుర్మాత్రల నుండి పంచమాత్రలకు జరిగిన మార్పు వార్తను దృశ్యంగా మారుస్తుంది. తెరచి ఉంచిన క్రియలు ఒకే గొంతులో అనేక చలనాలను నిలుపుతాయి. కనుపాపలోని నవ్వు తాండవాన్ని లాస్యంతో ముడివేస్తుంది. అందువల్ల లాస్యభాగాన్ని విడదీసి చేసే పఠనం, బోధన, విమర్శ మూడూ అసంపూర్ణాలు.

మాటలేని వాద్యత్రయం నుండి తెచ్చుకున్న పంపకం, పునరాగమనం, సమకాలీనత అనే ప్రశ్నలను ఇతర గేయకావ్యాలకూ వేయవచ్చు. కొన్ని ఈ పరీక్షకు నిలుస్తాయి, కొన్నిటిలో శబ్దపుష్టి తప్ప నిర్మాణం లేదని తేలవచ్చు. అలా తేలడమూ విమర్శకు లాభమే. ‘సంగీతమయం’ అన్న ప్రశంస కొందరికి దక్కి కొందరికి దక్కనప్పుడే ఆ మాటకు అర్థం ఉంటుంది.